కన్ను ముందుగా తెలుపు వ్యాధి

(మాచర్లలో సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



ఈ శతవార్షిక సంచికలో మందిరములను గూర్చి, బడులను గూర్చి, పూర్వపు పరిచారకులను గూర్చి వ్రాయుటకు మాకంటె తగినవారు ఉన్నారు. మమ్ములను ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమన్నారు. మేము డాక్టర్లము కాము. మాలో కొందరు నర్సులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు, కొందరు ఉపాధ్యాయులు. సంఘములో ఎవరికైనను పెద్ద జబ్బు చేసినప్పుడు వారికి తోడుగా గుంటూరు, హైదరాబాదు, వేలూరు పోయి, ఆసుపత్రి వరండాలలో కూర్చుండి, డాక్టర్లు చెప్పినది ఇంటివారికి అర్థమగునట్లు తిరిగి చెప్పుట మా పని. ఆ పనిలో మేము నేర్చుకొన్న సంగతి ఒకటి మీ ముందు ఉంచుచున్నాము. అది ఏమనగా, శరీరములో ఎక్కడో దాగియున్న క్యాన్సరు, అరుదుగానైనను, మొట్టమొదట కంటి ద్వారా బయటపడుచుండును. ఆ కబురును మనము కంటి జబ్బుగా మాత్రమే ఎంచి చుక్కల మందుతో కాలము గడుపుచున్నాము.

ముందుగానే ఒక మాట చెప్పవలెను. మన పల్నాటిలో మామూలు కంటి జబ్బులకు కొదువ లేదు. రెంటచింతల ఎండ ఎటువంటిదో మీకు మేము చెప్పనక్కర లేదు. మిరప కోతలలో కారపు చేతులతో కన్ను నలుపుకొందురు. పత్తి చేలో కొట్టిన మందు తుంపర కంటిలో పడును. నాపరాతి క్వారీలో రాతి పలుకు ఎగిరి గ్రుచ్చుకొనును. వయస్సు మీరిన వారికి శుక్లములు, చక్కెర జబ్బు వారికి కంటి తెరలో రక్తము. మన ఆసుపత్రులకు పోవు కంటి రోగులలో బహుమంది వీరే. కన్ను ఎర్రబడిన ప్రతివారును క్యాన్సరని బెదరి బస్సెక్కుట అవసరము లేదు. మిమ్ములను భయపెట్టుట మా ఉద్దేశ్యము కాదు. అరుదైన జబ్బు గనుకనే దానిని గూర్చి ఎవరును మాట్లాడరు, ఎవరును మాట్లాడరు గనుకనే అది వచ్చినవారు ఆలస్యముగా పోవుచున్నారు.

శరీరములో ఇన్ని అవయవములుండగా కంటికే ఈ ప్రత్యేకత ఎందుకని మీరడుగవచ్చును. కత్తి పెట్టకుండ, సూది గ్రుచ్చకుండ, జీవించియున్న రక్తనాళములను, మెదడుకు పోవు నరము యొక్క మొదలును కన్నులార చూడగల చోటు మనిషి శరీరములో అదొక్కటే. 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ కంటిపాప గుండ లోపలికి వెలుతురు పంపి చూచు పరికరమును ప్రకటించెను. అంతకు ముందు కంటిపాప అందరికిని నల్లని రంధ్రముగానే యుండెను. నేడు డాక్టరు చుక్కలు వేసి, పాపను పెద్దది చేసి, నుదుటి దీపముతో లోనికి చూచునప్పుడు ఆయన కంటిని మాత్రమే చూచుట లేదు. మీ రక్తపోటును, చక్కెరను, ఒక్కొక్కసారి రక్తపు క్యాన్సరును కూడ అక్కడ చూచుచున్నాడు. చుక్కలు వేసిన తరువాత నాలుగైదు గంటలు చూపు మసకగా ఉండునని కొందరు ఆ పరీక్షకు ఒప్పుకొనక అద్దాల చీటీ మాత్రము తీసికొని వచ్చెదరు. ఆ పనిదినము పోయినను పరవాలేదు, ఆ చుక్కలు వేయించుకొనుడని మేము బతిమాలుచున్నాము.

ఇక పెద్దవారికి వచ్చుదానిని చెప్పెదము. కంటి తెర వెనుక రక్తనాళములతో నిండిన పొర ఒకటి కలదు. దానిని కోరాయిడ్ అందురు. శరీరములో ఒక చోట పుట్టిన క్యాన్సరు కణములు రక్తములో కొట్టుకొని వచ్చి ఆ పొరలో నాటుకొనవచ్చును. సాగరు కుడి కాలువ నీటిలో గడ్డి గింజలు వచ్చి, నీరు ఎక్కువగా పారు మడిలోనే ఎక్కువ మొలచుట మీరు చూచినదే గదా. ఇదియు అటువంటిదే. పెద్దవారి కంటిలోపల కనబడు క్యాన్సరులలో అక్కడ పుట్టినవానికంటె ఇట్లు వేరొక చోటి నుండి వచ్చినవే ఎక్కువ. స్త్రీలలో అది తరచుగా రొమ్ము నుండి, పురుషులలో ఊపిరితిత్తి నుండి వచ్చును. నొప్పి యుండదు. కన్ను ఎర్రబడదు. చూపు మధ్యలో మసక, లేక సరళముగా ఉండవలసిన గీత వంకరగా కనబడుట, లేక మెరుపులు, తేలెడి మచ్చలు, ఇంతే.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున క్యారల్ షీల్డ్స్ అను వైద్యురాలు, ఆమె తోటివారు 1997లో ఇట్టి రోగులు 420 మందిని గూర్చి ప్రకటించిరి. వారిలో సుమారు సగము మందికి రొమ్ము క్యాన్సరు, అయిదింట ఒకరికి ఊపిరితిత్తి క్యాన్సరు మూలము. మేము మీకు చెప్పదలచినది వేరొక లెక్క. ఆ రోగులలో మూడవ వంతు మంది కంటి డాక్టరు వద్దకు వచ్చునాటికి తమకు క్యాన్సరున్నదని ఎరుగనే ఎరుగరు. కన్నే మొదటి సాక్షి. కాబట్టి చూపు మసకని పోయిన తల్లిని కంటి డాక్టరు, అమ్మా, రొమ్ములో గడ్డ ఏమైనను ఉన్నదా అని అడిగినయెడల ఆశ్చర్యపడకుడి, కోపగించుకొనకుడి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకొని రమ్మనిన, ఈయనకు కన్ను తెలియదు, డబ్బు కొరకు త్రిప్పుచున్నాడని లేచి రాకుడి.

ఇక్కడ మేము కొంచెము నిలిచి మాట్లాడవలసియున్నది. ఆ ప్రశ్నకు మన స్త్రీలు నిజము చెప్పుట లేదు. గడ్డ ఉన్నట్లు ఏడాది క్రిందటనే తెలిసియుండును. భర్తకు చెప్పరు, అత్తకు చెప్పరు, కుమార్తెకు మాత్రము చెప్పి ఎవరితోను అనవద్దని ఒట్టు వేయించుకొందురు. నొప్పి లేదు గదా, మిరపకాయలు కోసి ఇంటికి వచ్చిన తరువాత చూచుకొందమనుకొందురు. సిగ్గు ఒకటి, ఖర్చు ఒకటి, ఆ రోగపు పేరు చెప్పిన ఇంటిలో పిల్లల సంబంధములు చెడునను భయము ఒకటి. సిగ్గు క్రొత్తది కాదు. 1883లో అన్నా సారా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు గుంటూరుకు వచ్చినప్పుడు ఆమెను పంపినవారు మొదట బోధనా పనికే నియమించిరి. మగ డాక్టరుకు దేహము చూపించుకొనలేని స్త్రీలు ఈ జిల్లాలో ఎందరున్నారో ఆమె కన్నులార చూచి, వైద్యము చేయుటకు అనుమతి పట్టుబట్టి సంపాదించెను. ఆమె ఆసుపత్రి 1898లో తెరువబడెను. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసెను. నేడు స్త్రీ డాక్టర్లు ప్రతి పట్టణములోను ఉన్నారు. అయినను గడ్డను దాచుట మానలేదు. స్త్రీల సమాజమువారు తమ కూడికలలో ఒక గంట ఈ సంగతికి కేటాయించిన బాగుండును. పురుషులను బయటికి పంపి, నర్సుల చేత చెప్పించవలెను.

కంటికి ఇట్లు క్యాన్సరు వచ్చినదనగానే కథ ముగిసినదని ఇంటివారు కూలబడుట కూడ మేము చూచుచున్నాము. వ్యాధి ముదిరిన గుర్తే, కాదనము. కాని కిరణ చికిత్సతోను, మందులతోను, రొమ్ము క్యాన్సరులో కొందరికి రోజుకొక మాత్రతోను, చూపును నిలబెట్టుటకు ఉపాయములున్నవి. బ్రతికియున్నంత కాలము తన చేతితో అన్నము కలుపుకొని, మనుమల ముఖములు చూచుకొనుట చిన్న సంగతి కాదు.

రెండవ విధము మరింత వింతయైనది. క్యాన్సరు కణము ఒక్కటియు కంటిలోనికి రాకుండనే కన్ను పోవుట. 1976లో అమెరికాలో కొందరు డాక్టర్లు ముగ్గురు వృద్ధులను గూర్చి వ్రాసిరి. క్యాన్సరు దూరముగా ఉన్నది, కంటిలో గడ్డ లేదు, అయినను కంటి తెరలోని వెలుతురును పట్టు కణములు నశించి చూపు పోయినది. కారణము తరువాత తెలిసినది. రికవరిన్ అను మాంసకృత్తు సహజముగా కంటి తెరలో ఉండును. కొన్ని క్యాన్సరు గడ్డలు, ముఖ్యముగా ఊపిరితిత్తిలో వచ్చు చిన్న కణముల క్యాన్సరు, తాము కూడ దానిని తయారుచేయును. శరీరము ఆ గడ్డను శత్రువుగా గుర్తించి దానిమీదికి తన సైన్యమును పంపును. ఆ సైన్యము రక్తములో తిరుగుచు కంటికి వచ్చి, అక్కడ అదే గుర్తు గలవారిని చూచి, వారును శత్రువులేనని కొట్టును. దొంగ మన ఇంటివాని చొక్కా తొడుగుకొని తిరుగగా ఊరివారు మన ఇంటివానినే పట్టి కొట్టినట్లు.

దీని లక్షణములు మన ప్రాంతములో మోసము చేయునట్టివి. వెలుతురు చూడలేకపోవుట, కండ్ల ముందు మిణుకు మిణుకుమను కాంతులు ఆడుట, చీకటి పడగానే దారి కనబడకపోవుట, చుట్టును చూపు తగ్గి మధ్యలో మాత్రము మిగులుట. కొన్ని వారములలో, లేక నెలలలో, రెండు కండ్లకును వచ్చును. రేచీకటి అనగానే మనకు పసిపిల్లలకు ఆకుకూరలు, కాలేయపు నూనె పెట్టవలెనను మాట గుర్తుకు వచ్చును. పిల్లలలో అది నిజమే. కాని అరువది సంవత్సరములు నిండి, నలువది ఏండ్లుగా చుట్టయో బీడీయో కాల్చుచున్న మనిషికి, నిన్న మొన్నటి వరకు రాత్రివేళ పొలమునకు నీరు పెట్టి వచ్చినవానికి, రెండు మూడు నెలలలో రేచీకటి వచ్చినయెడల దానికి మునగాకు కూర వైద్యము కాదు. మొదట్లో డాక్టరు లోపలికి చూచినను తెర బాగుగనే కనబడవచ్చును. అప్పుడు కొందరికి, కంటిలో ఏమియు లేదు, అంతయు నీ మనస్సులోనే అని చెప్పి పంపుట కూడ జరుగుచుండును. కంటి తెర వెలుతురునకు ఎంత విద్యుత్తు పుట్టించుచున్నదో కొలుచు పరీక్ష ఒకటి కలదు, ఇ.ఆర్.జి. అందురు. అది పెద్ద కంటి ఆసుపత్రులలో ఉండును. అందులో గీత చదునుగా వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడును. ఆ తరువాత ఛాతీని స్కానింగు చేయుదురు. క్యాన్సరు కనబడుటకు నెలల ముందే చూపు తగ్గినవారున్నారు. పోయిన చూపు తిరిగి వచ్చుట కష్టమే. కాని ఊపిరితిత్తిలోని గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుబడుటకు అదొక అవకాశము.

చుట్ట మాట వచ్చినది గనుక ఇంకొక గుర్తు త్వరగా చెప్పి ముందుకు పోయెదము. ఊపిరితిత్తి పైకొనలో వచ్చు క్యాన్సరు మెడలోని నరమును నొక్కినప్పుడు, ఆ ప్రక్క కనురెప్ప కొద్దిగా వాలును, ఆ కంటిపాప చిన్నదగును, ముఖములో ఆ సగము చెమట పట్టదు. దానితోపాటు భుజము నొప్పి యుండును. హెన్రీ పాన్‌కోస్ట్ అను అమెరికా ఎక్స్‌రే డాక్టరు 1924లోను 1932లోను దీనిని వివరించెను. మనవారు ఆ భుజమునకు వాతపు నూనె రాయించుచు, రెప్ప వాలుటను ముసలితనమనుకొందురు. మన ఎండలో ముఖము సగము మాత్రమే చెమర్చినదనిన, దానిని గమనించుట ఎవరికైనను కష్టము కాదు.

మూడవది, కంటిలో వాపు వలె నటించు క్యాన్సరు. యాబది దాటినవారికి కంటిలో మసక, తేలెడి మచ్చలు వచ్చి, డాక్టరు వాపు అని చుక్కలు ఇచ్చిన కొంత తగ్గి, మానగానే మరల వచ్చి, ఇట్లు నెలలు గడచును. అది కొందరిలో లింఫోమా అను క్యాన్సరు. మెదడులో కూడ ఉండవచ్చును. కంటిలోని ద్రవమును కొంచెము తీసి పరీక్షించిన గాని తెలియదు. మందుల షాపులో అడిగి తెచ్చుకొన్న చుక్కలు దీనిని దాచిపెట్టును, అందుచేతనే వానిని గూర్చి మేము అంతగా చెప్పుట. దీనికి నేడు కంటిలోనికే సూది ద్వారా ఇచ్చు మందు మెథోట్రెక్సేట్. ఆ మందు వెనుక మన తెలుగువాడొకడున్నాడని ఎందరికి తెలియును? యెల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో పుట్టెను. అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనల అధిపతియయ్యెను. అక్కడ ఆయన బృందము అమినోప్టెరిన్‌ను, దాని వెంటనే మెథోట్రెక్సేట్‌ను తయారుచేసినది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అను డాక్టరు అమినోప్టెరిన్‌ను రక్తపు క్యాన్సరు గల 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనబడెనని 1948 జూన్‌లో ప్రకటించెను. అంతకు మునుపు ఆ పిల్లలకు ఏ మందును పనిచేయలేదు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు మరణించెను. మన బడి పిల్లలకు ఈయన పేరు నేర్పుట లేదు, ఇది మాకు విచారము.

ఇప్పుడు పిల్లల సంగతి. దీనికొరకే నిజముగా మేము ఈ ప్రసంగమునకు ఒప్పుకొన్నాము.

రక్తపు క్యాన్సరు గల బిడ్డకు కొన్నిసార్లు ఒక కన్ను ముందుకు ఉబికి వచ్చును. తెల్లగుడ్డులో రక్తము, చిగుళ్లలో రక్తము, జ్వరము, పాలిపోవుట, ఒంటి మీద నల్లమచ్చలు దానితోడుగా ఉండవచ్చును. కన్ను ఉబికిన బిడ్డకు పసరు పోయించక, అదే దినమున ఒక రక్త పరీక్ష చేయించుడి. మామూలు రక్త పరీక్షలోనే అనుమానము తేలిపోవును. నాడు ఫార్బర్ కాలములో ఆశ లేని ఆ జబ్బులో, పిల్లలలో ఎక్కువగా వచ్చు రకము నేడు పూర్తి వైద్యము చేయించిన అధికముగా నయమగుచున్నది. ఇంకొకటి, దెబ్బ తగులకుండనే చిన్నబిడ్డ రెండు కండ్ల చుట్టును నలుపెక్కి వాచుట. మంచము మీదనుండి పడినదేమోనని తల్లిని తిట్టుదురు. అది పొట్టలో పుట్టి కంటి గూటి ఎముకకు వచ్చిన న్యూరోబ్లాస్టోమా కావచ్చును. అదే గడ్డ వలన మరికొందరు పిల్లలకు కనుగ్రుడ్లు ఒక చోట నిలువక అన్ని దిక్కులకు చిందులు వేయును, నడచుచున్న బిడ్డ తూలి పడును. 1962లో కిన్స్‌బోర్న్ అను డాక్టరు దీనిని వర్ణించెను. ఇట్టి పిల్లలలో సగము మంది వరకు లోపల ఆ గడ్డ ఉండును. మనయొద్ద దానిని గాలి సోకినదనుకొని తాయెత్తు కట్టించుదురు. తాయెత్తును గూర్చి మేము వాదించము. స్కానింగు మాత్రము ఆ వారములోనే తీయించుడి.

వీటన్నిటికంటె మనము ఎక్కువగా చూడగలది రెటీనోబ్లాస్టోమా. ఇది కంటి తెరలోనే పుట్టు పసిపిల్లల క్యాన్సరు. పుట్టిన పదునైదు, ఇరువది వేల మందిలో ఒకరికి వచ్చును. మన దేశములో పుట్టు పిల్లలు ఎక్కువ గనుక ఏటా 1500 మంది వరకు ఉందురని అంచనా. ఎక్కువమంది అయిదేండ్ల లోపువారే. గుర్తు చాల సులభము. కంటిపాపలో తెల్లని మెరుపు, రాత్రి దీపము వెలుతురులో పిల్లి కన్ను మెరిసినట్లు. రెండవ గుర్తు మెల్లకన్ను. సెల్ ఫోనుతో వెలుతురు వేసి తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా వచ్చిన, ఆ ఫొటోను కంటి డాక్టరుకు చూపవలెను. అది శుక్లము కావచ్చును, వేరొకటి కావచ్చును, కాని బిడ్డకు చుక్కలు వేసి చూచిన గాని చెప్పుటకు వీలులేదు. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయి రెండేండ్లు కూర్చుండకుడి. ఇంకొక జాగ్రత్త. ఈ గడ్డ అని అనుమానమున్న కంటిలో సూది పెట్టి ముక్క తీయుట తగదు, క్యాన్సరు బయటికి చిందును. అందుచేత ఈ జబ్బు తెలిసిన ఆసుపత్రికే పోవలెను.

త్వరగా పోయిన లేజరు, చల్లదనపు వైద్యము, కీమో మందులతో కంటిని, కొన్నిసార్లు చూపును కూడ రక్షించుచున్నారు. ఆలస్యమైన కన్ను తీయవలెను. మా అనుభవములో బిడ్డ ప్రాణము పోవునది ఈ చోటనే. కన్ను తీయవలెనన్న మాట వినగానే తండ్రి లేచి బిడ్డనెత్తుకొని, రేపు వచ్చెదమని చెప్పి, మరల పోడు. ఆడుబిడ్డ అయిన మరీ కష్టము. ఒంటి కంటి పిల్లను ఎవరు చేసికొందురని నాయనమ్మ ఏడ్చును. ఆ ఏడ్పును మేము తేలిక చేయము. అయితే లెక్క ఇట్లున్నది. గడ్డ కంటిలోపల ఉన్నంతవరకు కన్ను తీసిన బిడ్డ బ్రతుకును. అది నరము వెంట మెదడుకు పోయిన తరువాత కన్నును మిగలదు, బిడ్డయు మిగలదు. ఆరు నెలల తరువాత అదే బిడ్డ కన్ను పిడికిలి వలె బయటికి పొడుచుకొని రాగా ఎత్తుకొని పోవుట ఎంత ఘోరమో చూచినవారికే తెలియును. కన్ను తీసిన చోట లోపల గుండ్రని బిళ్ళ ఉంచి కండరములు కుట్టెదరు. కొన్ని వారములకు, రెండవ కంటి రంగుతో సరిపోవునట్లు చేయించిన కృత్రిమ కన్ను అమర్చెదరు. దగ్గరగా చూచిన గాని తెలియదు. బడికి పోవుదురు, చదువుదురు, పెండ్లి చేసికొందురు.

తల్లిని నిందించుటను గూర్చి కూడ చెప్పవలెను. మేనరికము వలన వచ్చినదనియు, గ్రహణములో కడుపుతో బయట తిరిగినదనియు కోడలిని అనుచుందురు. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అను వైద్యుడు ఈ జబ్బు లెక్కలనుబట్టి, ఒక కణములో రెండు దెబ్బలు పడిన గాని ఈ గడ్డ పుట్టదని ఊహించెను. 1986లో ఆ జన్యువును కనుగొనిరి. రెండు కండ్లకు వచ్చినవారిలో మొదటి దెబ్బ పుట్టుకతోనే వచ్చినది. ఒక కంటికే వచ్చిన ఎక్కువమందిలో రెండు దెబ్బలును తరువాత యాదృచ్ఛికముగా పడినవే. మేనరికమునకు దీనితో నిమిత్తము లేదు. మేనరికపు వివాహములు మేము మెచ్చుకొనునవి కావు, దానికి వేరే కారణములున్నవి. ఈ బిడ్డ విషయములో మాత్రము ఆ తల్లిని విడిచిపెట్టుడి.

ఎక్కడికి పోవలెనని మీరడుగుదురు. మొదట మాచర్లలోనో నరసరావుపేటలోనో చుక్కలు వేసి చూచు కంటి డాక్టరు వద్దకు. ఆ తరువాత గుంటూరు ప్రక్కన పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి కలదు, విజయవాడ ప్రక్కన తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ వారి శాఖ కలదు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సరుకే ప్రత్యేక విభాగమున్నది. మనకు సాగరు దాటి పోవు దారి దగ్గర. మూలమైన క్యాన్సరుకు గుంటూరు పెద్దాసుపత్రిలోని క్యాన్సరు విభాగము, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి, దూరము పోగలవారికి వేలూరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు మన రాష్ట్రములో ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరుతోనున్న పథకములో క్యాన్సరు చికిత్సలు కలవు. అయితే ఏ ఆసుపత్రిలో ఏది చెల్లునో, ముఖ్యముగా రాష్ట్రము దాటినప్పుడు, బయలుదేరక ముందే విచారించుకొనవలెను. రేషను కార్డు, ఆధారు కార్డు ఇంటిలో మరచి పోయి రెండు దినములు వ్యర్థము చేసికొన్నవారు ఎందరో. పాత చీటీలు, పాత ఎక్స్‌రేలు అన్నియు ఒక సంచిలో వేసికొని పోవుడి. బిడ్డకు మత్తు ఇచ్చి చూతురు గనుక ఖాళీ కడుపుతో తీసికొని రమ్మన్న దినమున, ఏడ్చుచున్నదని పాలు త్రాగించిన పరీక్ష ఆగిపోవును.

ఒకటి మిగిలినది. ఒక బిడ్డకు రెటీనోబ్లాస్టోమా అని తేలినయెడల ఆ బిడ్డ అన్నదమ్ములను, అక్కచెల్లెండ్లను కూడ చుక్కలు వేయించి చూపవలెను, తలిదండ్రులును చూపించుకొనవలెను. ఆ బిడ్డ పెరిగి పెండ్లియై తల్లియో తండ్రియో అయినప్పుడు, పుట్టిన బిడ్డ కన్ను మొదటి వారములలోనే చూపించవలెను. రెండు కండ్లకు వచ్చినవారి బిడ్డలలో సగము మందికి ఆ మొదటి దెబ్బ సంక్రమించు అవకాశము కలదు. ఈ సంగతి వ్రాసిన కాగితమును పాత చీటీల సంచిలోనే ఉంచి, ఆ బిడ్డ పెద్దదైన తరువాత దాని చేతికి ఇయ్యుడి.